నవ్వే వీడియోలు

విడాకుల కేసు నడిచిన రెండేళ్లూ నా కూతుర్ని ఫోన్‌లో తెగ వీడియోలు తీశాను. అన్నం తింటూ, హోంవర్క్ చేస్తూ, పుట్టినరోజు కేకు కోస్తూ... అన్నిట్లోనూ నవ్వుతూనే ఉంటుంది. "పిల్లని నువ్వు బాగా చూసుకుంటున్నావని రుజువులుండాలి కదమ్మా" అన్నారు లాయరు గారు. నేను విసుక్కున్న సాయంత్రాలు, "నాన్న ఎప్పుడొస్తాడు" అని తను ఏడ్చిన రాత్రులు ఒక్కటీ తీయలేదు.

ఈ మధ్య ఫ్రెంచి దర్శకురాలు ఆనియెస్ వర్దా 1981లో తీసిన 'డాక్యుమాంతర్' చూశాను. డాక్యుమెంటరీ, అబద్ధాలకోరు అనే రెండు మాటల్ని కలిపి ఆ పేరు పెట్టింది. భర్త నుంచి విడిపోయి, లాస్ ఏంజెలెస్‌లో కొడుకుతో ఉంటున్న ఎమిలీ కథ అది. టైపు చేసి బతుకుతుంది. ఇల్లు వెతుక్కుంటుంది. ఎవరో వీధిలో పారేసిన సామాను ఇంటికి తెచ్చుకుంటుంది. కొడుకు పాత్ర వేసింది వర్దా కన్నకొడుకు మాత్యూ దెమీ. ఆ రోజుల్లో ఆమె కూడా భర్త జాక్ దెమీకి దూరంగా ఉంది.

ఎమిలీ త్యాగమూర్తి కాదు. ఆమెకి అలసట ఉంది, శరీరం ఉంది, కోరిక ఉంది. ఒంటరి తల్లికి ఇవేవీ ఉండకూడదనే కదా మన చుట్టూ ఉన్నవాళ్ల తీర్పు! వర్దా కథ అని చెప్పి నిజాన్ని చూపించింది. నేను సాక్ష్యం అని చెప్పి సగం నిజాన్ని దాచాను.

2011లో మాత్యూ 'అమెరికానో' అనే సినిమా తీశాడు. తల్లి చనిపోతే లాస్ ఏంజెలెస్ వెళ్లిన కొడుకు కథ. అందులో ఆ కొడుకు చిన్ననాటి జ్ఞాపకాలుగా 'డాక్యుమాంతర్' దృశ్యాలనే వాడుకున్నాడు. అమ్మ తీసిన బాల్యాన్ని తనదిగా తిరిగి తీసుకున్నాడు.

నా కూతురికిప్పుడు పదకొండేళ్లు. మొన్న ఆ పాత వీడియోలు చూస్తూ, "అమ్మా, వీటిల్లో నువ్వెక్కడా లేవేం? 'నవ్వు, నవ్వు' అని నీ గొంతే వినిపిస్తోంది" అంది. కోర్టు కోసం తీశానని అప్పుడు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మనం ఏడ్చినవి లేవా?" అని అడిగింది. లేవన్నాను.

నిన్న స్నేహితురాలితో గొడవపడి వచ్చి నా ఒళ్లో తలపెట్టుకుని ఏడ్చింది. "తీయనా?" అన్నాను.

"వద్దు" అంది.

ఫోన్ పక్కన పెట్టేశాను.