బూజా, ఈస్టా?

నెలల తరబడి జ్వరం, దగ్గు, చిక్కిపోవడం అనగానే మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో వైద్యునికైనా రోగికైనా మొదట స్ఫురించేది క్షయ. అది సహజమే. తెమడలో క్షయక్రిములు కనబడక, మందులు వాడినా జ్వరం తగ్గక, నాలుకపై మానని పుండు కూడా ఉంటే మాత్రం హిస్టోప్లాస్మోసిస్‌ను తలచుకోవాలి. ఇది శిలీంధ్రవ్యాధి. గంగా మైదానంతో పోలిస్తే మన వైపు అరుదు. అందుకే గుర్తుకు రాదు.

ఈ శిలీంధ్రానికి రెండు రూపాలు. గబ్బిలాల, పక్షుల రెట్ట కలిసిన మట్టిలో దారాలల్లుకొని బూజుగా పెరుగుతుంది. దాని బీజాలు శ్వాసతో ఊపిరితిత్తులకు చేరితే, 37 డిగ్రీల ఒంటి వేడికి ఈస్టుగా మారి మన రక్షక కణాలలోనే కాపురం పెడుతుంది. దీనిని పనామాలో చూచి 1906లో ప్రకటించిన శామ్యూల్ డార్లింగ్, కాలా అజార్ క్రిమి వంటి ఏకకణజీవి అనుకొన్నాడు. 1934లో డీమాన్‌బ్రన్ దానిని పెంచి రెండు రూపాలనూ చూపాడు.

మంచిర్యాల వైపు రైతు ఒకాయన నాలుక పుండుతో వచ్చాడు. కాన్సరని ఇంటిల్లిపాదీ భయపడ్డారు. వేరొక చోట తీసిన బయాప్సీ ముక్క మొత్తం ఫార్మలిన్‌లో వేసి ఉంది. సూక్ష్మదర్శినిలో కణాల నిండా రెండు నుండి నాలుగు మైక్రాన్ల చుక్కలు కనిపించాయి. వెండి రంగు పట్టాయి. కాలా అజార్ క్రిమికి అది పట్టదు. కాని ఫార్మలిన్‌లో శిలీంధ్రం చచ్చిపోతుంది, పెంచి చూడలేము. “మళ్ళ కోస్తరా సార్?” అని ఆయన అడిగాడు. కోయక తప్పలేదు. ఈసారి సగం ముక్కను శుద్ధమైన సెలైన్‌లో పెట్టించాను.

ఒక గొట్టం 25 డిగ్రీల వద్ద, ఒకటి 37 వద్ద ఉంచాలి. పుస్తకాలు మొదటిదానిని ‘గది ఉష్ణోగ్రత’ అంటాయి! రామగుండంలో మే నెల గడిపినవారెవరూ ఆ మాట వ్రాయరు. బల్ల మీద వదిలేస్తే 40 దాటుతుంది; చల్లబరచే ఇంక్యుబేటర్ కావలసిందే. మూడవ వారంలో తెల్లని దూది వంటి బూజు వచ్చింది. అందులో చుట్టూ బుడిపెలున్న గుండ్రని పెద్ద బీజాలు దీని గుర్తు. ఆ గొట్టం మూతను మామూలు బల్లపై తీయరాదు. పీల్చిన లాబ్ మనిషికే జబ్బు సోకుతుంది. రక్షణ పేటిక ఉన్న పెద్ద లాబ్‌కు పంపాము.

చికిత్స అంతవరకు ఆగలేదు. కణజాలం చూడగానే ఇట్రాకోనజోల్ మొదలుపెట్టాము. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఈ మందును నిర్వీర్యం చేస్తుంది. క్షయకు ఆధారమేదీ లేనందున దానిని ముందే మాన్పించాము. వ్యాధి తీవ్రమైతే ముందు ఆంఫోటెరిసిన్ సూదులు అవసరం. ఈయనకు మాత్రలే సరిపోయాయి, ఏడాది వాడాడు. పుండు మానింది.

జబ్బుకు ముందు ఊళ్ళో పాత గడిని ఊడ్చే పనికి పోయాడట, నిండా గబ్బిలాలు. అటువంటి చోట ఊడ్చేముందు నేలను నీళ్ళతో బాగా తడపండి. ముక్కుకు తువ్వాలు చుడితే చాలదు, ఎన్95 ముసుగు పెట్టుకోండి. హెచ్ఐవి ఉన్నవారు, స్టీరాయిడ్లు వాడేవారు ఆ పనికి అసలు పోవద్దు.