ఆకుపచ్చ బటన్ దగ్గర ఇద్దరు పండితులు

సిసెరో, షికాగో పక్కన
సోమవారం

నాన్నగారికి,

విమానం ఎక్కేరోజు చెల్లాయి గురించి మీరడిగిన ప్రశ్న సూట్‌కేసుతోపాటే ఇక్కడిదాకా వచ్చింది: "ఆంత్రొపాలజీ చదివిన పిల్లని సాఫ్ట్‌వేర్ కంపెనీవాడు ఎందుకు పిలుస్తాడ్రా?" సగం జవాబు మీరు కొలువు చేసిన టెలిఫోన్ రంగంలోనే దొరికింది.

ఈ ఊళ్ళో ఒకప్పుడు హాథార్న్ అనే పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళు టెలిఫోన్ సామాను తయారుచేసేది అక్కడే. 1983లో మూతపడింది. ఇప్పుడా స్థలంలో షాపింగ్ సెంటరు ఉంది, పాత టవరొకటి మిగిలింది.

1931 నవంబరులో ఆ ఫ్యాక్టరీవాళ్ళు 14 మంది కార్మికులను ఒక గదిలో కూర్చోబెట్టారు. ఎక్స్ఛేంజి స్విచ్చులకు వైర్లు చుట్టడం, సోల్డరింగ్, తనిఖీ వాళ్ళ పని. వాళ్ళను గమనించడానికి అదే గదిలో ఒక మనిషిని పెట్టారు. ఈ పద్ధతికి సలహా ఇచ్చింది లాయిడ్ వార్నర్. ఆయన అంతకుముందు 1926 నుంచి 1929 దాకా ఆస్ట్రేలియాలోని ఆర్నెమ్ లాండ్ ఆదివాసుల మధ్య ఉండి వచ్చిన ఆంత్రొపాలజిస్టు. పని పెరిగితే కూలి పెరుగుతుందని కంపెనీ లెక్క. కార్మికుల లెక్క వేరు. రోజుకు ఇంత చేస్తే చాలని తమలో తామే ఒక హద్దు పెట్టుకున్నారు. దాన్ని దాటి ఎవడైనా జోరు పెంచితే పక్కవాడు జబ్బ మీద ఒక్కటిచ్చేవాడు. ఆ గుద్దుకు వాళ్ళలో 'బింగింగ్' అని పేరు.

ఫారం ఇచ్చి నింపమంటే ఆ గుద్దు సంగతి ఎవరు రాస్తారు? పక్కన కూర్చున్నవాడికే కనపడుతుంది.

పాలో ఆల్టో, కాలిఫోర్నియా
శుక్రవారం

నాన్నగారికి,

మన వీధి చివరి కొట్లో ఏ మిషను మీద తీసినా అది 'జిరాక్సే' కదా. ఆ జిరాక్స్ కంపెనీ 1970లో పెట్టిన పరిశోధన కేంద్రం 'పార్క్' ఈ ఊళ్ళో కొయెట్ హిల్ రోడ్డు మీద పనిచేసింది. 1970ల చివర్లో లూసీ సచ్‌మన్ అక్కడ చేరారు. అప్పటికి ఆవిడ బర్క్‌లీలో ఆంత్రొపాలజీ డాక్టరేట్ చేస్తున్నారు. చెల్లాయి వయసే అనుకోండి.

కంపెనీ కొత్త కాపీ మిషను అర్థం కావడంలేదని జనం గోల. ప్రకటన మాత్రం ఆకుపచ్చ బటన్ నొక్కితే చాలంటోంది. సచ్‌మన్ ఒక మిషనును తెప్పించి కెమెరా పెట్టారు. ఆ వీడియోల్లో ఒకదాంట్లో కాగితానికి రెండువైపులా కాపీ తీయలేక తంటాలు పడే ఇద్దరిలో ఒకరు అలెన్ న్యువెల్. కంప్యూటర్ రంగంలో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ అవార్డు 1975లో అందుకున్న మనిషి! రెండోవారు రాన్ కాప్లన్, ఆయనా పరిశోధకుడే.

ఇద్దరినీ కలిపి నిలబెట్టడంలోనే ఉంది కిటుకు. ఒంటరి మనిషి తికమకను లోపలే మింగుతాడు, ఇద్దరుంటే పైకి మాట్లాడుకుంటారు. తర్వాత ఆవిడ కాగితం మీద నాలుగు గళ్ళు గీశారు. మనుషులు చేసినవాటిలో మిషనుకు తెలియనివి మొదటి గడిలో, తెలిసేవి రెండో గడిలో. మిషను మనుషులకు చూపించింది మూడో గడిలో, దాని వెనక డిజైన్ చేసినవాడి ఉద్దేశం నాలుగో గడిలో. మొదటి గడి కిటకిటలాడుతుంటే రెండో గడి ఖాళీ ఖాళీగా ఉంది. మనుషుల గొడవలో పిసరంతే మిషనుకు అందుతోందని, తప్పు వాడేవాడి తెలివిది కాదని తేలిపోయింది. 1987లో ఇదంతా పుస్తకమైంది.

అదే పార్క్‌లో పరిశోధకుడు జూలియన్ ఓర్ కాపీ మిషన్ల మెకానిక్కుల వెంట తిరిగాడు. మాన్యువల్‌లో లేని మరమ్మతులు వాళ్ళు తిండి దగ్గర, కాఫీ దగ్గర చెప్పుకునే కబుర్లలో దొరికాయి. మీరూ లైన్‌మన్లూ టీకొట్టు దగ్గర కేబుల్ ఫాల్టుల కథలు చెప్పుకునేవారే, అలాంటివి. ఓర్ పుస్తకం 1996లో వచ్చింది.

పోర్ట్‌లండ్, ఆరెగాన్
బుధవారం

నాన్నగారికి,

ఈ ఊరి పక్కనే హిల్స్‌బరోలో ఇంటెల్ ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో ఆంత్రొపాలజీ డాక్టరేట్ అయిన జెనవీవ్ బెల్ 1998లో ఆ కంపెనీలో చేరారు. రెండు విషయాల్లో సాయం కావాలన్నారట పైఅధికారి. ఒకటి, ఆడవాళ్ళు. ఏ ఆడవాళ్ళంటే, అందరూనట. రెండోది, అమెరికా కాని ప్రపంచమంతా. ఈ కథ ఆవిడే సభల్లో చెప్పి నవ్విస్తుంటారు.

ఇంటెల్ పరిశోధకులు చైనాలో ఇళ్ళకు వెళ్ళి కూర్చుంటే తల్లిదండ్రుల బెంగ బయటపడింది: కంప్యూటర్ కొనిస్తే పిల్లవాడు పాఠాలు వదిలేసి ఆటల్లో పడతాడేమోనని. అందుకే 2005 చివర్లో అక్కడికి తెచ్చిన చదువుల కంప్యూటరుకు పాస్‌వర్డ్ కాదు, నిజం తాళంచెవి పెట్టారు. గది అవతల నుంచి కూడా తాళం తిప్పి ఉందో లేదో కనపడాలి కదా. ఆ ఏడాదే రెడ్మండ్‌లోని మైక్రోసాఫ్ట్ ఆవరణలో ఇలాంటి పని చేసేవాళ్ళు 'ఎపిక్' పేరుతో తొలి సదస్సు పెట్టుకున్నారు.

మనుషుల మధ్య ఉండి చూసే ఈ పద్ధతి మనకూ కొత్తది కాదు. ఉస్మానియా నుంచి ఎస్‌.సి.దూబే శామీర్‌పేట వెళ్ళి ఊరి జీవితాన్ని రాసిన పుస్తకం 1955లో అచ్చయింది.

అలాగని అంతా పూలబాట కాదు. ఎం.ఏ.కి నెలల తరబడి చేసిన ఫీల్డ్‌వర్క్‌ను కంపెనీ రెండు వారాల్లో అడుగుతుంది. థీసిస్ చదివే తీరిక ఎవరికీ ఉండదు. ఎవరిని చూశావు, ఏం కనిపెట్టావు, దేన్ని మార్చాలి, అరగంటలో చెప్పమంటారు. 2022, 2023ల్లో కంపెనీలు మనుషుల్ని తగ్గించినప్పుడు యూఎక్స్ రీసెర్చర్లు, అంటే వాడేవాళ్ళను గమనించే ఈ పని చేసేవాళ్ళు, చాలామంది రోడ్డున పడ్డారు. మీ ఉద్యోగంలా పింఛను ఉన్న కొలువు కాదిది.

అయినా చెల్లాయికి ఆ పని వచ్చు. అరకు సంతలో అరువు లెక్క ఎలా నడుస్తుందో వారాల తరబడి కూర్చుని రాసుకున్న పిల్ల అది. డబ్బు పంపే యాప్ చేసేవాడికి కావలసింది సరిగ్గా అదే. పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ ఆ సంతే కావాలి.

కాబట్టి చిన్న మనవి. ఆ నోటుపుస్తకాలు అటక మీద పాత పేపర్ల పక్కనే ఉన్నాయి. అమ్మ కాటావాణ్ణి పిలిచేలోపు దించి చెల్లాయి చేతికివ్వండి.