జూన్ రెండో వారం, దీఘా

బెంగాలీలకి సెలవంటే ‘దీ-పూ-దా’. దీఘా, పూరీ, దార్జిలింగ్. కోల్‌కతాకొచ్చి పద్నాలుగేళ్లైనా మా ఇద్దరికీ ఆ మొదటి అక్షరమే చాలు. ఏటా వానలు పడకముందే హౌరాలో తామ్రలిప్త ఎక్కేస్తాం.

మా ఆయనది విశాఖ. ఓల్డ్ దీఘాలో ఆ రాళ్ల గట్టు చూడగానే "ఇదీ ఓ సముద్రమేనా" అనడం ఆనవాయితీ. అంటూనే ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి దిగిపోతారు. నీళ్లు బురదరంగే, కాదనను. కానీ 1780లో వారెన్ హేస్టింగ్స్ పెళ్లానికి రాసిన ఉత్తరంలో ఈ తీరాన్నే తూర్పు దేశపు బ్రైటన్ అన్నాడని చెబుతారు. ఆయనకి నచ్చింది, ఈయనకేం?

రాత్రి భోజనానికెళ్తే "చందువ, ఇవాళ్టి వేట" అన్నాడు కుర్రాడు. వేట నిషేధం జూన్ 14 దాకా ఉంటే ఇవాళ్టిదెక్కడిది నాయనా! ఐస్‌లోదే. అయినా ఆవపిండి పులుసులో ముక్క కూడా మిగల్లేదు.

పొద్దున సరుగుడు చెట్ల కింద నేలమీద వల పరిచి, ఒక ముసలాయన కాలి బొటనవేలికి దారం తగిలించి చిరుగులు కుట్టుకుంటున్నాడు. ఇద్దరం అక్కడే అరగంట నిలబడిపోయాం.

తిరుగు రైల్లో ఒళ్లో జీడిపప్పు పొట్లం, చెప్పుల్లో ఇసుక. కాంథీ దాటాక తొలి చినుకులు. ఆయన కిటికీ మూయనివ్వలేదు.