ఆటల అంగడి – ఒక అనుభవం

గత మాసంలో మా తమ్ముని కుమారుడు విజయనగరంలోని మా ఇంటికి వచ్చి, "పెదనాన్నా! జగర్‌గుండాలో వీడియో ఆటల కేంద్రం, పక్కనే చిరుతిళ్ళ అంగడి పెడదామనుకుంటున్నాను. పెట్టుబడికి మీరు కొంత సర్దాలి" అని అడిగాడు. అతడు దోర్నపాల్‌లో కిరాణా వ్యాపారి. అక్కడికి 56 కిలోమీటర్ల దూరంలోని జగర్‌గుండాలో స్థానిక మిత్రుడొకడు గది ఇస్తానన్నాడట.

బైలదిలా గనులలో పనిచేసిన మిత్రులకు ఆ ఊరి పేరు కొత్త కాదు. సంఘర్షణల నడుమ ఏళ్ళ తరబడి బాహ్య ప్రపంచానికి దూరమైన సుక్మా జిల్లా గ్రామమది. అక్కడ మూతపడిన బడి పదమూడేళ్ళ తరువాత 2019లో తెరచుకుంది. 2025 మే మాసంలో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు శాఖ వెలసింది. ఇక ఆటల అంగడి ఎందుకు రాకూడదన్నది అతని వాదన.

ఆ మాటతో మాకు 1996వ సంవత్సరం జ్ఞప్తికి వచ్చింది. భవిష్యనిధి నుండి తీసిన సొమ్ముతో మా తమ్ముడు విజయనగరంలో రెండు ఆట యంత్రాలు పెట్టాడు. 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అనే ఆటను పిల్లలందరూ 'ముస్తఫా' అనేవారు. ఆటకొక రూపాయి. గుమ్మం పక్కన మా మరదలు బజ్జీలు, పునుగులు వేసేది. నెలాఖరున లెక్క చూస్తే యంత్రాల రాబడి అద్దెకు, కరెంటు బిల్లుకు, జాయ్‌స్టిక్కుల మరమ్మతుకు సరిపోయేది. మిగిలినదంతా బజ్జీల లాభమే!

ఒకనాడు ఒక తల్లి వచ్చి గుమ్మం వద్ద నిలబడింది. "బాబూ, మావోడి పరీక్ష ఫీజు మీ పెట్టెలోనే ఉన్నాదట" అన్నదామె. కోపం లేదు, కన్నీరూ లేదు. తమ్ముడు మారుమాటాడక సొమ్ము తిరిగి ఇచ్చివేశాడు. బడివేళలో విద్యార్థులకు ప్రవేశం లేదని మరునాడే బోర్డు కట్టాడు. రాబడి సగమైంది. అయినా మూకుడు మమ్ములను నిలబెట్టింది.

ఈ అనుభవమంతా అబ్బాయికి చెప్పాము. వీడియో ఆటలకు లైసెన్సు నియమాలు విధించవచ్చునని సర్వోన్నత న్యాయస్థానం 1995లోనే తీర్పు చెప్పిందనీ, డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను 2025 నాటి కేంద్ర చట్టం నిషేధించిందనీ హెచ్చరించాము. ముందు చిరుతిళ్ళతో, రెండు క్యారమ్ బోర్డులతో ఆరంభించి, కరెంటు నిలకడ చూసుకొని యంత్రాలు కొనమన్నాము.

"మరి బడివేళ?" అని అతడే అడిగాడు.

పదమూడేళ్ళు బడిగంట వినని ఊరది. అక్కడ ఒక్క పిల్లవాని ఒక్క పూట చదువు మన రాబడికంటె విలువైనది. సాయంత్రం బడి విడిచేదాకా ఆటల గదికి తాళం వేస్తానని అతడు మాట ఇచ్చాడు. మేము చెక్కు వ్రాసి ఇచ్చాము.

లాభం వస్తుందో రాదో కాలమే చెప్పాలి. ఏ తల్లీ ఆ గుమ్మం వద్ద అలా నిలబడకుంటే మాకదే పదివేలు.