మందు ముట్టనివాడి మీద తాగుడు కేసు

టికెట్ మీద రాసిన నేరం ఇది: జనం తిరిగే చోట మత్తులో ఉండటం. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో అప్పటి లిక్కర్ లైసెన్స్ చట్టం, సెక్షన్ 31(4). జరిమానా అన్నీ కలిపి 65 డాలర్లు. నేను బుద్ధెరిగాక మందు ముట్టలేదు.

అది 2019 చలికాలం. గోదాములో రాత్రి షిఫ్టు. ఇన్సులిన్ వేసుకుని టిఫిన్ బాక్సు తెరిచేలోపు, లారీ వచ్చిందంటూ బ్రేక్ రద్దు చేశారు. డ్యూటీ దిగి బస్‌స్టాప్ చేరేసరికి ఆ చలిలోనూ ఒళ్లంతా చెమటలు. కాళ్లు తేలిపోతున్నాయి, నాలుక మడత పడుతోంది. పోలీసులు పేరు అడిగితే నా పేరు నాకే గుర్తు రాలేదు. గ్లూకోజ్ బిళ్లలున్న సంచీని పక్కన పెట్టేసి నన్ను సెల్‌లో వేశారు. తెల్లవారుజామున ఎవరో జ్యూస్ ఇచ్చారు. అది తాగాక మనిషినయ్యాను.

ఫోను చేతికి రాగానే దాన్ని జబ్బకున్న, షుగర్ కొలిచే సెన్సర్ దగ్గర పెట్టాను. ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సర్‌లో వెనకటి ఎనిమిది గంటల లెక్క ఉంటుంది. తెర మీద గీత జారుతూ జారుతూ 2.6 దాకా దిగింది. ఇక్కడి మీటర్లు చూపే అంకె అది. మన ఊళ్లో చెప్పుకునే లెక్కలో 47. ఇక్కడ 4 కన్నా తగ్గితేనే షుగర్ పడిపోయిందంటారు. గీత అట్టడుగున ఉన్న టైమూ, టికెట్ మీద టైమూ ఒకటే.

"అన్నా, అరవై ఐదు డాలర్లే కదా, కట్టేసి ఊరుకో" అన్నారు తెలిసినవాళ్లంతా. కడితే నేరం ఒప్పుకున్నట్టే. సిటిజన్‌షిప్ పోతుందని ఒకరు, ఉద్యోగం పోతుందని ఇంకొకరు భయపెట్టారు. మా ఆవిడ మాత్రం "మీరు తాగలేదు. తాగానని ఎందుకు సంతకం పెట్టాలండీ?" అంది. నాకు ఆ మాట చాలు.

టికెట్ వచ్చిన 15 రోజుల్లోగా విచారణ కావాలని అడగాలి. అడిగాను. ఇలాంటి కేసుల్లో లాయరే అక్కర్లేదు, లైసెన్సున్న పారాలీగల్ కూడా వాదించవచ్చు. నాకు దొరికినావిడ ముందు భయం తీర్చింది. ఇది క్రిమినల్ కోడ్ కింద కేసు కాదు, రాష్ట్ర చట్టం కింద పెట్టింది, క్రిమినల్ రికార్డు రాదు అంది. కానీ నేరం రుజువు చేయాల్సిన భారం మాత్రం ప్రాసిక్యూటర్‌దే, అదీ సహేతుకమైన అనుమానానికి తావు లేకుండా. పోలీసు రాసుకున్న నోట్స్ ఇమ్మని అడిగే హక్కు మనకుంది. తెప్పించాం. తూలుతున్నాడు, మాట ముద్దగా ఉంది, అడిగినదానికి పొంతన లేని జవాబు, చెమటలు అని ఉంది. వాసన గురించి ఒక్క ముక్క లేదు. ఊపిరి పరీక్ష ఊసే లేదు. షుగర్ పడిపోయినవాడి లక్షణాలు డాక్టరు రాసినా ఇదే వరుస. ఆ కాగితం చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది.

జరిమానా తగ్గిస్తాం, ఒప్పుకోమన్నారు. ఒప్పుకోలేదు. విచారణ రోజున సెన్సర్ గ్రాఫు, డాక్టరు ఉత్తరం, గోదాము టైంకార్డు ప్రాసిక్యూటర్ ముందు పెట్టాం. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత కేసు ఉపసంహరించుకుంటున్నామని కోర్టుకు చెప్పారు. నేను నోరు విప్పే పనే పడలేదు. చెప్పాలనుకున్నవన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

కానీ అందరి కథా ఇలా ముగియదు. 2008లో విన్నిపెగ్‌లో బ్రయన్ సింక్లెయిర్ అనే ఆదివాసీ, రెండు కాళ్లూ లేని మనిషి, మూత్రాశయ ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లి, చక్రాల కుర్చీలోనే 34 గంటలు ఉండి చనిపోయాడు. తాగి నిద్రపోతున్నాడని అనుకున్నారు కొందరు. వైద్యంతో తగ్గే జబ్బే అది. నాకు జ్యూస్ అందింది, అతనికి వైద్యం అందలేదు.

అందుకే కేసు ముగిసినా పోలీసుల మీద ఫిర్యాదు పెట్టాను. డబ్బు అడగలేదు. మత్తులో ఉన్నాడని ఎవరినైనా సెల్‌లో వేసేముందు వేలి మీద చుక్క రక్తం తీసి షుగర్ చూడండి, జేబులో సంచిలో మందులున్నాయేమో వెతకండి అని అడిగాను. మీటరు జవాబు చెప్పడానికి కొన్ని క్షణాలు చాలు.