సముద్రం చూసొద్దాం: బాగేపల్లి నుంచి కోవళం, మహాబలిపురం ప్రయాణానికి ఒక లెక్క

మన బాగేపల్లి, చింతామణి పక్క వాళ్లం ఊరు దాటినామంటే తిరుపతి, లేదంటే ధర్మస్థళ, అదీ లేదంటే ఎవరిదో పెండ్లి. ఊరికే చూసొద్దామని పోయే అలవాటు మనకు లేదు. ముప్పై ఏండ్లు మిల్లులో షిఫ్టులు చేసి రిటైరైన వాళ్లలో కూడా సముద్రం చూడని వాళ్లు ఉన్నారు. వాళ్ల ఇండ్లలో ఆడవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. అందుకే వచ్చే ఫిబ్రవరిలో నాలుగు కుటుంబాలు కలిసి కోవళం, మహాబలిపురం పోయి రావడానికి నేను వేసుకున్న లెక్క ఇక్కడ రాస్తున్నాను. పోవాలనుకునేవాళ్లు ఈ కాగితం చించి పెట్టుకోండి.

ఈ కోవళం కేరళలోది కాదు. మద్రాసుకు దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉండే చేపలు పట్టేవాళ్ల ఊరు. అక్కడి నుంచి ఇంకో 20 కిలోమీటర్లు పోతే మహాబలిపురం. ఈ రెండు ఊర్లలో అలల మీద పలక వేసి నిలబడి వచ్చే ఆట, అదే సర్ఫింగ్, బాగా నడుస్తోంది. ఇది డబ్బున్నోళ్ల ఆట అనుకోవద్దు. కోవళంలో దీన్ని నిలబెట్టింది మూర్తి మేగవన్ అనే జాలరి ఇంటి మనిషి. తానే నేర్చుకుని, అరుణ్ వాసు అనే ఆయన సాయంతో 2012లో అక్కడ బడి పెట్టి ఊరి పిల్లోళ్లకు నేర్పినాడు. మహాబలిపురంలో కమలి అనే అమ్మాయి ఉంది. వాళ్లమ్మ సముద్రం ఒడ్డున చిన్న అంగడి పెట్టుకుని బతికిన మనిషి. ఆ తల్లీబిడ్డల మీద తీసిన చిన్న సినిమా 2020లో ఇంగ్లండు వాళ్ల బాఫ్టా అవార్డు పోటీ దాకా పోయింది. 2025 ఆగస్టులో ఆసియా పోటీలు మహాబలిపురంలోనే జరిగినాయి. మన దేశంలో అవి జరగడం అదే మొదలు. రమేశ్ బుదిహాల్‌కు అందులో కంచు పతకం వచ్చింది. మన పిల్లోళ్లు ఇవి కళ్లారా చూస్తే మంచిదని నా ఆశ.

ముందు కాలం సంగతి. అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు దాకా ఆ పక్క ఈశాన్య వానలు, తుపాన్లు. దసరా సెలవులకు పోదామంటే అందుకే వెనకాడాల్సి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇసక కాళ్లు కాలుస్తుంది. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 దినాలు మరబోట్లకు వేట నిషేధం, చేప ధర ఎక్కుతుంది. పోటీలు చూడాలంటే ఆగస్టు మంచిది, అప్పుడు అలలు పెద్దవి. నీళ్లలో దిగాలంటే జనవరి కడ, ఫిబ్రవరి మేలు. సంక్రాంతి వారంలో మాత్రం వద్దు. కాణుం పొంగల్ రోజు మద్రాసు జనమంతా సముద్రం ఒడ్డుననే ఉంటారు. పిల్లోళ్ల పరీక్షలు మార్చిలో కాబట్టి ఫిబ్రవరి రెండో శనివారం, ఆదివారం అనుకున్నాను.

దారి. బండి మాట్లాడుకుంటే చింతామణి, ముళబాగిలు, చిత్తూరు, వేలూరు, కంచి మీదుగా మహాబలిపురం 350 కిలోమీటర్లకు అటూ ఇటూ. మూడు రాష్ట్రాలు తొక్కుతుంది కాబట్టి పర్మిట్లు, డ్రైవరు బత్తా, టోలు అన్నీ కలిపేనా అని ముందే అడిగి రాయించుకోండి. బండి వద్దనుకుంటే బెంగళూరు దాకా ఎర్ర బస్సు. శక్తి యోజన కింద మన ఆడవాళ్లకు అందులో టికెట్టు లేదు. అక్కడి నుంచి మద్రాసుకు పొద్దున్నే లాల్‌బాగ్ ఎక్స్‌ప్రెస్. రైల్లో ముసలివాళ్లకు ఇచ్చే రాయితీ 2020 మార్చిలో తీసేసినారు, దాన్ని లెక్కలో పెట్టుకోవద్దు.

డబ్బు. మన పీఎఫ్ పింఛను కనీసం 1000 రూపాయలని 2014లో పెట్టినారు, ఆ పైన పెంచలేదు. ఆ పింఛనులోంచి ఒక్కసారిగా ప్రయాణం ఖర్చు తీయడం ఎవరి వల్లా కాదు. అందుకని చీటీ మాదిరి తలకు నెలకు 250, ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది నెలలు. పన్నెండు మందికి 30,000 అవుతుంది. సగం పైన బండికే పోతుంది. మిగిలింది ఒక రాత్రి గదులకు, తిండికి. మొదటి పూటకు సద్ది కట్టుకుంటాం. రాగిముద్ద అక్కడ దొరుకుతుందని ఎదురు చూడొద్దు.

చూసేది. పోయేటప్పుడు కంచిలో రెండు గంటలు ఆగుదాం. గుడి ఎట్లాగూ చూస్తాం, ఒక మగ్గం ఇల్లు కూడా చూడాల. మన శిడ్లగట్ట సంతలో అమ్మే గూళ్ల నుంచి తీసే పట్టు లాంటిదే అక్కడ చీర అవుతుంది. మనం దారంతో బతికినోళ్లం, ఆ పని చూస్తే మనకు తెలుస్తుంది. మహాబలిపురంలో సముద్రపు గుడి, పంచరథాలు పల్లవుల కాలంలో, 1200 ఏండ్లకు ముందు చేసినవి. రెండిటికీ కలిపి 40 రూపాయల టికెట్టు, 15 ఏండ్ల లోపు పిల్లోళ్లకు లేదు. అర్జునుడి తపస్సు చెక్కిన పెద్ద బండ రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది.

ఇప్పుడు ముఖ్యమైన మాట. స్నానం మహాబలిపురంలో వద్దు, కోవళంలో చేద్దాం. కోవళం ఒడ్డుకు 2021లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీళ్లు శుభ్రంగా ఉండాల, కక్కసులు, బట్టలు మార్చుకునే గదులు, కాపాడే ఈతగాళ్లు ఉండాల, అప్పుడే అది ఇస్తారు. మన ఆడవాళ్లకు ఆ గదులే సగం ధైర్యం.

మనకు తెలిసింది చెరువు, బావి, వానొస్తే చిత్రావతి. చెరువులో నీళ్లు కదలకుండా ఉండే చోటు భద్రం అనుకుంటాం. సముద్రంలో అది తిరగబడుతుంది. ఒడ్డుకొచ్చిన నీళ్లు మళ్లీ లోపలికి పోవాల కదా, అవి ఒక పాయగా పోతాయి. ఆ పాయ మీద అల విరగదు, చూసేదానికి నిమ్మళంగా ఉంటుంది. మనిషిని లాక్కుపోయేది అదే. అటూ ఇటూ అలలు విరుగుతా నడిమిన ఒక సందు మాత్రం చదునుగా కనిపిస్తే అక్కడ దిగకూడదు. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదొద్దు, అలిసిపోతారు. చెయ్యెత్తి కేకేసి, తేలుతా ఒడ్డు వెంబడి పక్కకు జరగాల. ఈత రానివాళ్లు మోకాళ్ల లోతు దాటొద్దు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంది, చూడీదార్ వేసుకోండి. ఎవరైనా కొట్టుకుపోతుంటే ఈత రాకుండా వెనకాల దూకొద్దు, ఈతగాణ్ణి పిలవండి, తాడో ఖాళీ క్యానో విసరండి. తాగినోళ్లను నీళ్ల దగ్గరికే రానీయొద్దు. మిల్లులో మొదటి రోజు నడిచే బెల్టు దగ్గర చెయ్యి పెట్టొద్దని చెప్పి గాని లోపలికి పంపేవాళ్లు కాదు. ఇదీ అట్లాగే, బండి ఎక్కక ముందే ప్రతి పిల్లోడికీ చెప్పాల.

ఇంకొకటి. అక్కడి గాలి తేమ. దారం తెగకుండా నీళ్లు చిమ్మే లూముల ఖాతాలో నిలబడినట్టే ఉంటుంది. మనకు కొత్త కాదు గాని బీపీ, ఆయాసం ఉన్నోళ్లు మాత్రలు తెచ్చుకోండి, ఎండెక్కక ముందే నీడకు రండి.

ఇప్పటికి ఎనిమిది మంది పేర్లు ఇచ్చినారు, ఐదుగురు ఆడవాళ్లే. ఇంకా నాలుగు సీట్లున్నాయి. మొదటి 250 ఈ నెల కడకు ఇయ్యాల.