గడ వేసి చూడండి!

గోదావరి డెల్టా కాలువలు చేలు తడపడానికే పుట్టాయనుకుంటాం. ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన కాటన్ దొర, వాటిని పడవల బాటలుగా కూడా తలపెట్టాడు. మట్టం మారేచోట పడవలు దిగడానికి లాకులు కట్టారు. ధాన్యం బస్తాలూ, పెళ్ళివారూ ఆ దారినే కాకినాడదాకా వెళ్ళేవారు.

కార్తీకంలో మా ఆఫీసువాళ్ళం ఆరుగురం కడియం తోటలకు వనభోజనాలకు వెళ్ళాం. కాలువలో ఓ నాటుపడవ, అందులో ఓ తాత. గడ అడిగి మొదట పట్టినవారు మా సూపరింటెండెంటుగారు. గడ బురదలో దిగబడింది, పడవ ముందుకు సాగింది, ఆయన రెంటి మధ్యా వేలాడారు! తాత నడుం పట్టుకోకపోతే కార్తీక స్నానం కూడా అక్కడే అయిపోయేది.

"చేతుల్తో తోస్తే అవదు బాబూ! గడ అడుక్కి ఆనించి, భుజం మోపి, పడవ తలకాణ్ణించి ఎనక్కి నడవాల. తీసేముందు ఓ మెలి తిప్పితే బురద వదులుద్ది, ఆయ్!" అన్నాడు తాత.

అలాగే నడిచాను. భుజం మండింది గాని, పడవ నా అడుగులతో కదిలింది.

"మీ అబ్బాయికి నేర్పావా తాతా?"

"ఆడు లారీ తోలతాడండి."

పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ 1982లో పూర్తయింది. కాలువల్లో నీళ్ళు పారుతూనే ఉన్నాయి, సరుకులు మాత్రం రోడ్డెక్కాయి. ఆ మెలి తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. మీరు అటు వెళ్ళినప్పుడు, పడవవాడు పక్కనుండగా, పిల్లలచేత నాలుగడుగులు గడ వేయించి రండి.